అన్నం మెతుకులతో అంటించిన పేజీ

మండలం నుంచి వచ్చిన అట్టపెట్టెలో
పది బొమ్మల పుస్తకాలు.
పంటు మీద లంకకి తెచ్చేసరికి రెండు తడిశాయి.
ఆరినవాటిలో ఒకటి
చెవి వినపడని కుందేలుది.
సువార్త కోసమే పంపారనుకున్నాను.

పుస్తకం మొహానికి అడ్డంగా పట్టుకుని చదువుతున్నాను,
నక్కకో గొంతు, తాబేలుకో గొంతు.
లోవరాజు లేచొచ్చి
పుస్తకాన్ని నా గడ్డం కిందికి దించాడు.
"మీ నోరు కనపడాలి గదండీ దానికి!"

పదహారేళ్ల సర్వీసు.
గడ్డం కింద అంత చోటుందని
ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

వాళ్లిద్దరి మాటలు ఏ పుస్తకంలోనివీ కావు.
ముక్కు మీద రెండు వేళ్లు రాస్తే
ఎండుచేపల మంగతాయి.
మోకాలి దగ్గర అరచెయ్యి మెల్లగా మెడదాకా లేస్తే
ఎర్రనీరొస్తోంది, రేపు బడి లేదు.
మీసం మెలేస్తే నేను.
నాకు మీసం లేదు.
అది నా ముందున్న మాస్టారిదట,
కుర్చీతో పాటు నాకు సంక్రమించింది.

కథ చివర్లో
ఎవరో వైద్యుడు చెవిలో పసరు పోస్తాడు.
కుందేలుకి కోయిల పాట వినపడుతుంది.
అడవంతా చప్పట్లు.
సువార్త ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగింది.
చెవి వెనక మిషన్ని,
బ్యాటరీ అయిపోయి పది రోజులైనదాన్ని,
ఒకసారి తడుముకుంది.
పేజీ వెనక్కి తిప్పి
కుందేలూ తాబేలూ చేతులూపుకుంటున్న బొమ్మ మీద
గట్టిగా వేలు పెట్టింది.
"ఇక్కడితో అయిపోయిందంట కథ"
అన్నాడు లోవరాజు.

మధ్యాహ్నం కంచాలు కడక్క ముందే
మెతుకులు నలిపి
ఆ చప్పట్ల మీద తెల్లకాగితం అంటించేశారు.
దాని మీద గోదారి.
ఈ రేవులో అది, ఆ రేవులో వాడు.
నడుమ పంటు, ఇంజను నల్లపొగ.
పంటు మీద నేను
నోరు పుచ్చకాయంత తెరిచి
ఎవర్నో పిలుస్తున్నాను.
ఒక్కరూ తిరిగి చూడటం లేదు.
నీటికి అటూ ఇటూ నాలుగు చేతులు మాత్రం
గబగబా మాట్లాడేసుకుంటున్నాయి.

ఏం చెప్పుకుంటున్నారర్రా, అన్నాను,
పుస్తకం గడ్డం కిందే పట్టుకుని.
సువార్త నా నోటి వంక చూసింది,
లోవరాజు వంక చూసింది,
లేని మీసం మెలేసింది.
ఇద్దరూ పడీ పడీ నవ్వుతూ
కొళాయి దగ్గరికి పరుగెత్తారు.

స్టాకు రిజిస్టరులో
'పాడైనవి' గడిలో ఎక్కించాలి ఈ పుస్తకాన్ని.
ఇంకా ఎక్కించలేదు.
మెతుకులు ఆరనీ.