బండకు అడుగుపక్క

అక్షరానికి పన్నెండు రూపాయలు.
సున్నాలకు లెక్క లేదని ముందే చెప్పినా.
ట్రస్టువాళ్ళు కాయితం ఇచ్చిపోయినారు:
"శ్రీశ్రీశ్రీ తులానంద స్వాములవారు
పుట్టుకతోనే జ్ఞాని, బాల్యంలోనే విరాగి..."
బేతంచెర్ల బండ మీద
మూడు శ్రీలు చెక్కేసరికే పొద్దు వాలింది.

నాకు తెలిసిన ఆయప్ప పేరు ఉరుకుందప్ప.
ఆదోని మండీలో కాటా వేసేటోడు.
చెనిక్కాయల కాలంలో
ఒకపక్క రాళ్ళు, ఒకపక్క మూట,
మూట ఉన్న తట్టకింద
ఎవరికీ కనపడకుండా ఎత్తిపట్టిన బొటనవేలు.

మా నాయన బజారప్ప
దుడ్లు రొండిన దోపుకొని
"నీ చెయ్యి చల్లన సామీ" అని
రెండు చేతులెత్తి మొక్కినాడంట.
తిట్టింటే ఏమీ కాకపోవునేమో.
మొక్కినాడు.
ఆ రాత్రి బొటనవేలు మండుతాందని
ఉరుకుందప్ప కడవలో చెయ్యి పెట్టుకొని కూచున్నాడంట
తెల్లారేదాకా.

గుహ లేదు, గురువు లేడు,
కలలోకి ఏ దేవుడూ రాలేదు.
పదకొండేండ్ల చిట్టా చంకలో పెట్టుకొని
కౌతాళం, కోసిగి, పెద్దకడుబూరు
నెత్తిన మూటతో తిరిగినాడు.
మా గడప ముందర దించి
"ఏడు శేర్లు బాకీ" అన్నాడు.
నాయన నోరు తెరిచి నిలబడినాడు.
మాయమ్మ శేరు తెచ్చి కొలుచుకొని
"మరి వడ్డీ?" అనింది.

మాపటిదాకా వసారాలో కూచోని
ఆ కాయలన్నీ ఒలిచి ఇచ్చిపోయినాడు.
పక్కన పొట్టు ఊదుతా నేను.
ఆయన గోళ్ళ సందున నెత్తురు.
మాట లేదు.

తర్వాత ఆయన వెనక ఒకరు నడిచినారు,
తర్వాత ఊర్లకూర్లు:
గెనెం జరిపినోడు, పాలల్లో నీళ్ళు కలిపినామె,
అన్న వేలిముద్ర తానే వేసిన తమ్ముడు.
బేస్తవారం రాత్రి గుండ్రంగా కూచోని
ఎవరికేం బాకీనో గట్టిగా చెప్పుకోవాల.
"ముందు బాకీ, ఆమీదట హారతి" అనేటోడు.
చానా రాత్రులు
కర్పూరం పొట్లం విప్పనే లేదు.

ఇప్పుడు మఠానికి చలువరాతి హాలుంది.
తులాభారానికి ఇత్తడి తక్కెడ, టికెట్టు వేరే.

కాయితంలో ఉండేది ఉండేట్టు చెక్కినా.
కూలి తీసుకున్నా.
వాళ్ళు పోయినాక, ఇద్దరు పిల్లోళ్ళను పిలిచి
బండ తిరగేసి,
సిమెంటులో పూడిపోయే పక్క గీసినా:
'ఏడు శేర్లు. వడ్డీతో ముట్టినాయి.'

దానికి దుడ్లడగలేదు.
కానీ బిల్లులో
ముప్పైనాలుగు సున్నాలు కలిపినా.
బేస్తవారం
ఇంకా రెండు దినాలుంది.