ఖాళీ దొడ్డి

మక్తల్ బస్టాండ్ ఎనక, టైర్ల దుకాణం మీద
ఖాజా నెట్ సెంటర్‌ల ఐదు కంప్యూటర్లు.
గంటకు ఇరవై. కరెంటు పోతే పైసలు వాపస్ లేవ్.
మూడో కుర్చీ ఇయ్యాల ఖాళీ.

బీరప్ప మంద తోలుకొని కృష్ణొడ్డుకు పోయిండు.
మాఘం దాటితే ఈడ గడ్డి పరక దొరకది,
వాళ్ల నాయినకు మోకాళ్లు పనిజేస్తలేవు.
పోయే ముందు మౌసు తుడిచి పెట్టిండు
గొంగడి అంచుతోని.

రాయచూరు పోరగాండ్లు ఆన్‌లైన్‌కొచ్చిన్రు.
వాళ్లు ముగ్గురు, మేం ఇద్దరం.
"రేపాడుదమా?" అన్నడు మొయిన్.
నేను బీరప్ప పాస్‌వర్డ్ కొట్టిన:
వాని పొట్టేలు పేరు, పక్కన దాని పండ్ల లెక్క.

మంచు కొండ కింద మూడు కోటలు లేసినయ్.
నా కూలోళ్లు బంగారం గనికి ఉరికిన్రు,
మొయిన్ కూలోళ్లు అడివి మీద పడ్డరు,
బీరప్ప కూలోళ్లు ఐదుగురు
చేతులు కట్టుకొని నిలబడ్డరు,
మేస్త్రీ రాని అడ్డా మీద నిలబడ్డట్టు.

వాడు చెప్పేది ఒక్కొక్కటే యాదికొస్తుంది.
మొదటి కూలోన్ని పనికి పెట్టకు,
ఏ దిక్కు గడ్డి తొక్కినట్టుందో సూసి రమ్మను.
దెబ్బ తిన్నదాన్ని నడుమకు తియ్యి,
బలమైనదాన్ని అంచుకు పెట్టు.
గెలుస్తున్న ఉషారుల తరుమకు,
తోడేలు కుంటుకుంట ఉరుకుతుందంటే
బండ ఎనక ఇంకో తోడేలుంటది.

నాకెప్పుడు ఎక్కకపోతుండె.
అరవై మంది రాకాసులను తయారు చేస్త,
ఒక్క సందుల ఇరికిస్త.
వాడు నెత్తి కొట్టుకుంటుండె:
"అరే, గొర్రెలు నయంరా.
ముందటిది దుంకితే ఎనకది దుంకుతది.
నీ రాకాసులు ఒకదాన్నొకటి దారి అడుగుతున్నయ్!"

ఎనిమిదో నిమిషం.
వాళ్ల గుడ్లగూబ బీరప్ప కోట మీద ఒక చుట్టు తిరిగింది.
గోడ లేదు, బురుజు లేదు, పొగ లేదు.
రాయచూరోళ్లకు నోరూరింది.
నేను మొయిన్‌ను మోచేత్తోని పొడిసిన.
వాడు నా దిక్కు సూసిండు,
తెర దిక్కు సూసిండు,
ఏమనలే.

మూడు దండ్లు ఒక్కటై దిగినయ్:
ఎముకల బంట్లు, రెండు తలల పక్షి, మంత్రాల ముసల్ది.
ఐదుగురు కూలోళ్లు చేతులు కట్టుకొనే సచ్చిన్రు.
ఆఖరోడు పడేటప్పుడు చిన్న కేక ఏసిండు.
ఖాజా స్పీకర్ పగిలి ఏడాదాయె,
అది దగ్గినట్టు ఇనబడ్డది.

అప్పటికి మేం వాగు దాటినం.
వాళ్ల గనుల కాడ కావలి లేదు,
కొలిమిల మంట మీద ఎవ్వరు లేరు.
అంటుబెట్టినం.
వాళ్లు మర్లిన్రు, ఆగమాగం ఉరికొచ్చిన్రు
రెండు గుట్టల నడుమ సందుల నుంచి,
ముందటోడు దుంకితే ఎనకటోడు దుంకుకుంట.
ఆ సందు మూతి కాడ నా రాకాసులు:
బలమైనయి అంచుకు, దెబ్బ తిన్నయి నడుమకు.
తరుమలే. నిలబడ్డ.
నా బతుకుల మొదటిసారి నిలబడ్డ.

పదిహేడో నిమిషంల వాళ్లు ఓటమి ఒప్పుకున్నరు.
పోయేటోడు ఒకడు రాసిండు, సగం కన్నడం, సగం తెలుగు:
"మీ మూడోడు మస్తు ఖతర్నాక్ ఉన్నడు.
కదలకుంటనే మమ్మల్ని పిలిసిండు."

తెర మీద లెక్కలు పడ్డయ్.
బీరప్ప: బంగారం సున్న. కొట్టింది సున్న.
పోయింది ఐదు. గెలుపు.
ఫోటో తీసి పంపిన. ఒక్కటే గీత.
కృష్ణొడ్డున సిగ్నల్ గుట్టెక్కితేనే దొరుకుతది.

రాత్రి రెండింటికి వాయిస్ వచ్చింది, పదకొండు సెకన్లు.
గాలి. కుక్క. మెడ గంట ఒకటి.
మళ్ల వాని గొంతు, నిద్రమబ్బుల:

"గెలిసిన్రు, సరే.
ఆ ఐదుగుర్ని జెర పక్కకు తోలకపోయినవ్‌రా?"