గ్యాస్ లెక్క

గుర్రాన్ని కొన్నాం, జీను కొన్నాం,
దాణా ఖర్చూ మనదే.
మరి ఎక్కినప్పుడల్లా ఈ బాడుగ ఎవడికి, ఎలిసేయో?
నెలనెలా ఆరువేల పెసోలు.
మూడు కిలోల రొట్టె.

ఆయన దగ్గర ఒకటే జవాబు:
"ఒంటరిగా ఆడుకోవచ్చు. అది ఉచితమే."
అన్న తీరుకి ఒళ్లు మండి
జూన్‌లో నేనే ఆపించాను.

పుంతా అరేనాస్‌లో జూన్ అంటే
పది కొడితే గానీ తెల్లారదు,
ఐదున్నరకే మళ్లీ చీకటి.
గాలి రాత్రంతా రేకు కప్పును పీకుతూనే ఉంటుంది.
ఓడరేవులో క్రేను నడిపొచ్చిన చేతులతో
ఎలిసేయో యంత్రంతో ఫుట్‌బాల్ ఆడాడు.
నాలుగు సున్నాతో గెలిచాడు.
ఎవరూ తిట్టలేదు.

నాది వంటింటి బల్ల, లెక్కల పుస్తకం.
ఆ వారం కూడికలు తప్పాయి.
ఫ్రిజ్ ఆగాక గానీ
అది ఇన్నాళ్లూ మోగుతోందని తెలియనట్టు
ఇంట్లో ఏదో తక్కువైంది.

అటువైపు ఆడేది నా తమ్ముడు నివాల్దో.
ఇకికేలో ఉంటాడు, దేశం ఆ కొసన,
వాన ఎరగని ఊళ్లో.
అమ్మ కుట్టుమిషను ఎవరిదన్న దగ్గర
తెగింది మాట. ఆరేళ్లు.
నంబరు ఉంది. వేలు కదలదు.

కానీ శుక్రవారం రాత్రుళ్లు
టీవీలోంచి మా హాల్లోకి వచ్చేవాడు.
రిఫరీ తల్లిని తిట్టేవాడు,
దగ్గేవాడు,
"ఆగు బావా, నీళ్లు తాగొస్తా" అనేవాడు.
అప్పుడు కుళాయి వినిపించేది.
కట్టేశాక ఇంకోసారి బిగిస్తాడు,
అచ్చం అమ్మలాగే.

ఒకసారి కార్నర్ కిక్కుకి ముందు
"గనిలో మనుషుల్ని తీసేస్తున్నారు బావా" అన్నాడు.
నా కలం ఆగింది.
బంతి గాల్లోకి లేచింది,
మాట అక్కడితో సరి.
చేతులు ఖాళీగా ఉంటే నోరు పెగలని జాతి.
ఫోన్లో అయితే చెప్పేవాడా?

జులై ఒకటిన కార్డు నాదే, మీట నొక్కిందీ నేనే.
ధర పెంచారు దొంగలు.
ఇంకో తొమ్మిదొందలు.

"హెడ్‌ఫోన్లు పెట్టుకోకు, చెవులు పాడవుతాయి" అన్నాను.
ఎలిసేయో నవ్వలేదు, మంచివాడు.
శబ్దం మాత్రం రెండు గీతలు పెంచాడు.

తగిన ధరేనా అని అడిగితే
ముమ్మాటికీ దోపిడీ అంటాను ఇప్పటికీ.
పుస్తకంలో 'దుబారా' కింద రాయబోయి
గ్యాస్ బిల్లులో కలిపేశాను.
చలికాలం కదా.
అడిగేవాళ్లెవరు.