తుక్కు కింద రాసిన బేరింగు

ద్యోర్‌లో జనవరి.
నది మీది పొగమంచు లాబొరేటరీ అద్దాల దాకా వచ్చి
పిలవని పేరంటంలా నిలబడింది.
మూడో నంబరు గదిలో మోటారు తిరుగుతోంది,
నిమిషానికి పన్నెండు వేల చుట్లు.
పొగగొట్టం లేదు, పెట్రోలు కంపు లేదు.
సన్నటి రొద ఒకటి మాత్రం
చెవిలో దూరిన దోమలా
బయటికి రానంటోంది.

నన్ను ఫ్యాక్టరీ పంపింది.
వంతెనకు అటు మేము, ఇటు విశ్వవిద్యాలయం,
మధ్యలో పద్దెనిమిది పేజీల ఒప్పందం.
డబ్బు మాది, బల్లలు వాళ్లవి,
రాత్రిళ్లు ఎమోకెవి.
నా ఉద్యోగమేమిటో చెప్పుకోడానికి సిగ్గే, అయినా చెబుతాను:
ఆమె గీసిన ప్రతి గ్రాఫులోనూ
నిలువు గీత పక్కనున్న అంకెల్ని చెరిపేస్తాను.
వంపు మిగులుతుంది, ఎంతెత్తున వంగిందో మిగలదు.
కొండను గీయనిచ్చి
ఊరిపేరు కొట్టేసినట్టు.

మూడు వారాలుగా ఏదో తేడా.
నలభై రెండు సెన్సార్లు, నలభై రెండూ
అంతా బాగుందనే అన్నాయి.
లెక్క కుదరడం లేదంది ఎమోకె.
చిల్లుకుండలో నీళ్లలా
చిటికెడు శక్తి ఎటో పోతోందంది.
సాఫ్ట్‌వేర్ మార్చి చూడమన్నారు మావాళ్లు, ఫోన్లో.
మార్చింది.
పోతూనే ఉంది.

లోరింత్స్ బాచిని పిలుచుకొచ్చింది చివరికి.
బాచి అంటే ఇక్కడ బాబాయి లాంటి పిలుపు.
ముప్పై ఎనిమిదేళ్లు డీజిల్ ఇంజన్ల మధ్యే గడిపిన మనిషి,
ఈ కొత్తవాటిని మూగవి అంటాడు,
వాటి గదిలోకి రావాలంటే ముఖం చిట్లిస్తాడు.
వేగం తగ్గించమన్నాడు. ఇంకా, ఇంకా.
జేబులోంచి చెక్కపిడి స్క్రూడ్రైవరు తీసి
మొన మోటారుకీ, పిడి చెవి వెనక ఎముకకీ ఆనించి
కళ్లు మూసుకున్నాడు.
చీమ చిటుక్కుమనలేదు గదిలో.
"ఇసక నములుతోంది," అన్నాడు.

విప్పేసరికి తెల్లవారుజాము నాలుగు.
బేరింగు లోపలి కంకణం నిండా గాడులు,
మంచు కరిగిన పొలంలో చాళ్లలా వరసగా.
గోరుతో గీస్తే టకటకమంది.
ఎమోకె నేలమీదే కూర్చుండిపోయింది.
ఇన్వర్టరు సెకనుకు వేలసార్లు
తెరిచి మూసే తలుపుల్లోంచి
కాస్త కరెంటు దారితప్పి షాఫ్టు ఎక్కింది.
దిగే చోటు లేక
వెంట్రుక కన్నా పలచటి నూనెపొరను చీల్చుకుంటూ దూకింది.
కంటికి ఆనని పిడుగులు,
ఒక్కోటీ ఉక్కులో ఒక గుంట.
"మూగది కాదే పిల్లా," అన్నాడు ముసలాయన,
"గొంతు చిన్నది."
ఆయన భార్య చేసిచ్చిన ఉప్పు పొగాచాలు
చల్లారిపోయి ఉన్నాయి. ముగ్గురం తిన్నాం.

షాఫ్టు చివర కార్బన్ పోగుల కుచ్చు ఒకటి,
ఒక పూట భోజనమంత ఖరీదు.
లెక్క కుదిరింది.
మర్నాడే మా న్యాయవిభాగం నుంచి ఉత్తరం:
పదకొండో నిబంధన, ఫొటోలు సహా అన్నీ అప్పగించాలి.
పేటెంటు కాగితంలో ఏడు పేర్లు.
ఎనిమిదోది రాస్తానన్నాను,
ఆయన ఏం కనిపెట్టాడన్నారు.
విన్నాడన్నాను.
వినడానికి గడి లేదన్నారు.

నేను అంకెలు చెరిపాను.
అబద్ధమెందుకు, చక్కగా చెరిపాను.

తర్వాత సామాన్ల జాబితా తనిఖీ.
"బేరింగు, ఒకటి. ఫ్యాక్టరీకి తిరిగి పంపవలెను."
అది ఎమోకె బల్లమీద
థీసిస్ కాగితాలు ఎగరకుండా కూర్చుని ఉంది,
గాడులన్నీ కిటికీ వైపు తిప్పి.
నేను చూశాను. చూశానని ఆమె చూసింది.
పెన్ను తీసి
దాని ఎదురుగా తుక్కు అని రాశాను.

ఆ సాయంత్రం బస్టాపులో లోరింత్స్ బాచి,
పక్కన నేను.
పాత డీజిల్ బస్సు దగ్గుకుంటూ
మంచులోంచి వచ్చి ఆగింది.
ఆయన ఎక్కలేదు.
మెడ కొంచెం వంచి, ఎవరో పలకరించినట్టు
ఒక్క క్షణం నిలబడి,
"రెండో సిలిండరు," అన్నాడు.