దస్తూరి

"ఇది మిషను రాసింది" అన్నారు డిప్యూటీ తాసిల్దారు గారు.
కాగితాన్ని కిటికీ వెలుతురుకెత్తి చూశారు,
దొంగ ఐదొందల నోటుని చూసినట్టు.
"ఫోన్లో రాయించి, ఎత్తి రాసేశావు. అవునా?"

సరుబుజ్జిలి ఆఫీసు ప్రహరీ పక్కన
ముప్పై ఒక్కేళ్లుగా అర్జీలు రాస్తున్నాను.
మధ్యవేలి మీద, కలం ఆనుకునే చోట
బఠాణీ గింజంత కాయ.
చూపిద్దామనుకున్నాను.
ఎందుకో వేలు ముడుచుకున్నాను.

ఆయనే తన ఫోను తీసి దానికేదో చెప్పారు.
నేను కళ్లజోడు తుడుచుకునేలోగా వచ్చేసింది:
మహారాజశ్రీ తాసిల్దారు వారి సముఖమునకు,
తమరి దయకు పాత్రురాలైన,
కావున తమరు నాయందు దయయుంచి...

నా 'కావున' కూడా ఉంది.
చాకిరేవులో పోయిన చొక్కా
ఎవడో తొడుక్కుని, ఇస్త్రీ నలగకుండా
బజార్లో ఎదురైనట్టుంది.

నాకు ఆ 'కావున' నేర్పింది
కింతలి గవరయ్య మేష్టారు.
ఆయనకి ఏ కరణమో, ఏ గుమస్తావో.
దానికెవరు నేర్పారో!

రాత్రి నిద్ర పట్టలేదు.
రేపట్నుంచి ఒక్కో కాగితానికి
ఒక్కో సిరా చుక్క రాల్చనా?
ఒత్తు ఒకటి మరిచిపోనా?
తలకట్టు వంకరపోతే
కాగితం చించి మళ్లీ రాసినవాణ్ణి,
మనిషినని నమ్మించడానికి
తప్పులు ప్రాక్టీసు చెయ్యాలా ఇప్పుడు?

ట్రంకుపెట్టె దింపి కార్బన్ కాపీలు తీశాను, సాక్ష్యానికి.
బలగ అప్పన్న పింఛను.
పిడుగు పడి పోయిన గేదె.
రేషన్ కార్డులో బతికున్నవాడి పేరు కొట్టేస్తే
ఆ బతికున్నవాడు పెట్టుకున్న అర్జీ.
ఒకటి చదివాను. పది చదివాను.
అందరూ ఒక్క గొంతుతోనే ఏడ్చారు.
ఆ గొంతు వాళ్లది కాదు.
చదివేకొద్దీ, నాదీ కాదు.

దోమతెర బయట చాలాసేపు కూర్చున్నాను.

పొద్దున్నే దుర్గాసి పారమ్మ వచ్చింది,
తిరగ్గొట్టిన అర్జీ కొంగున కట్టుకుని.
"ఏటి బాబూ, నా మాట అబద్దమన్నారంట?"
నీ మాట కాదులే, నా మాట, అన్నాను.
కూర్చో. ఏం జరిగిందో నువ్వే చెప్పు.

"ఏటి సెప్పీది. రేతిరి ఏరొచ్చింది.
తెల్లారి నానెల్లీసరికి గట్టు నేదు.
ముసిలోడు పాతిన ఈతసెట్టు నేదు.
ముప్పై సెంట్లు బాబూ, యాడికెల్లిపోద్ది?
అవతల గట్టుకి అతుక్కుంది.
కల్లెదురుగుండానే ఉంది నా మట్టి.
దాని మీద ఎవులో వంగ నాటీసినారు.
కాయ కూడా కాసీసింది."

రాశాను. ఎలా అంటే అలాగే.
'నేదు' దగ్గర చెయ్యి అలవాటుగా 'లే'కి లేచింది.
ముప్పై ఒక్కేళ్లుగా దిద్దుతున్నానా మాటని,
ఏదో మురికి తుడుస్తున్నట్టు.
పట్టి ఆపాను. నేదు.
చివర 'కావున' పెట్టలేదు.
పారమ్మ వేలిముద్ర కొంచెం జారి,
వంగ మీద పడింది.

డిప్యూటీ గారు రెండుసార్లు చదివారు.
మిషను సంగతెత్తలేదు.
"అవతల గట్టంటే, ఏ ఊరి వైపు?" అని
లేచి కిటికీ దాకా వెళ్లారు.
ఆ కిటికీలోంచి ఏరు కనపడదు,
సైకిల్ స్టాండు కనపడుతుంది.
అయినా చూశారు.

తర్వాత కాగితం నా వైపు తోశారు.
"బాగానే ఉంది గానీ, ఇది అర్జీలా లేదయ్యా.
పై ఆఫీసుకి పోవాలి కదా!
మామూలు తెలుగులో ఇంకోటి రాసి పట్రా."

బయటికొచ్చి బల్ల మీద కొత్త ఠావు పరిచాను.
పారమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుంది,
ఏటి గట్టున కూర్చున్నట్టు, అవతలికి చూస్తూ.
మహారాజశ్రీ, అని రాశాను.
తేదీ వేశాను.
కలం ఆగింది.