అంచు దాటి

గాజువాక ఆటోనగర్ షెడ్డులో, బల్లమీద మూడు కనెక్టర్లు.
నొక్కితే దిగి, మళ్లీ నొక్కితే లేచేది
చూడ్డానికి ముచ్చటే; ఆ స్ప్రింగు
ఉప్పుగాలికి ఎన్నాళ్లు ఆగుతుంది?
మూతరకం మరీ చిన్నది,
పొలుసులంటిన వేళ్లకు అందదు.

నిన్న ఫిషింగ్ హార్బర్‌లో సూరాడ ఎల్లాజీ
నమూనా బోర్డులోంచి కార్డు తీయబోయి, తీయలేక,
"ఏటి బాబూ, గోళ్లున్నోళ్లకి చేసినావా?" అన్నాడు.
అతని బొటనవేలి గోరు
ఎప్పుడో వలతాడు పట్టుకుపోయింది.

ఇవాళ మూడోదే ఖాయం. తోసి, లాగేది.
బంగారుపూత కాస్త మందం.
స్క్రూ కన్నం పక్కకు జరిపాను,
తోసినప్పుడు బోర్డు వంగకుండా.
ఇంకా జరిపి అంచుకు తెచ్చాను:
కార్డు కొస రెండు మిల్లీమీటర్లు బయటికి.

తెరమీద ఎర్రగీత, తప్పంటూ.
ఉండనీ.
ఇంకో అర మిల్లీమీటరు పెంచాను.
తెల్లవారుజామున వేళ్లు మొద్దుబారతాయని కూడా
అన్నాడు కదా.