జాబితాలో లేని పేరు

రాత్రి పదకొండుకి నేనే నొక్కాను, ఇప్పుడే అప్‌గ్రేడ్ చేయమని.
పొద్దున చీమకుర్తి యార్డు ఆఫీసులో
రాతిదుమ్ము తుడిచి కూచునేసరికి
తెర కొత్త సున్నం కొట్టిన గోడలా ఉంది,
నా గుమాస్తా మాత్రం పలకడం లేదు.

గుమాస్తా అంటే మనిషి కాదు.
నల్లటి కిటికీలో నాలుగక్షరాల ఆజ్ఞ.
కటింగ్ మిషను నా కుడిచేతి రెండు వేళ్లు ఉంచుకున్న ఏడు
ఒంగోలులో డిప్లొమా చదివే షంషీర్ రాసిచ్చాడు.
స్లాబు కొలత ఎడమచేత్తో ఒక్కసారి కొడితే
అదే మౌసు కదిపి, అదే మీటలు నొక్కి
పదహారు గళ్లూ నింపేది.
ఆరేళ్లు. ఒక్క లెక్క తప్పలేదు.
సరే, ఒకటి తప్పింది. అది నావల్ల.

ఇవాళ తెర అంటోంది:
ఈ ప్రోగ్రాము మీ కంప్యూటరును నడపాలనుకుంటోంది.
అనుకోవడమేంది, ఆరేళ్లుగా నడుపుతా ఉంటే!
సెట్టింగుల్లోకి పోయాను. గోప్యత, దాని కింద యాక్సెసిబిలిటీ.
ఎప్పుడు వేసుకున్నానో గుర్తులేని రికార్డరు కూడా
బొమ్మ పెట్టుకుని, నీలం మీట వెలిగించుకుని
దర్జాగా కూచునుంది.
నా దానికి బొమ్మ లేదు. వరసలో పేరే లేదు.

పోయిన వేసవిలో క్వారీ చేతులు మారిన మర్నాడు
కొత్త వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టి
మాలకొండయ్యని, ముప్పై ఏళ్లుగా ఆ రాతి నరం తెలిసినవాణ్ణి,
"ఎవురు నువ్వు? కార్డేదీ?" అన్నాడు.
మాలకొండయ్య మాట్లాడలా.
క్యారేజీ నేలమీద పెట్టి
అరచేతులు రెండూ తిప్పి చూపించాడు.
వాడు ఫొటో కావాలన్నాడు.

షంషీర్‌కి ఫోను కొట్టాను.
"టెర్మినల్‌కి ఇస్తే చాలదు మామా ఇప్పుడు,
దాని చాటున పనిచేసేదానికి విడిగా ఇయ్యాలి.
ప్లస్ నొక్కు. కనపడదు, అది దాచిన ఫోల్డరు.
దారి టైపు చెయ్యి."

గీత, పదం, మళ్లీ గీత, మళ్లీ పదం,
తెలియని ఊళ్లో ఆటోవాడికి
సందు సందూ చెప్పుకుంటూ పోయినట్టు.
దొరికింది. బొమ్మ ఉండాల్సినచోట బూడిదరంగు పలక.
పాస్‌వర్డు అడిగితే ఇచ్చాను, ఉన్న వేళ్లతో.
మీట నీలమైంది.

మాలకొండయ్యకీ వచ్చింది లెండి కార్డు, పదకొండు రోజులకి,
పేరులో ఒక అక్షరం మింగేసి.
సరిచేయమని రాసి పంపాను. ఇంకా రాలా.

నల్ల కిటికీ తెరిచాను.
పాలిష్ పట్టిన గెలాక్సీ రాయి అంత నలుపు,
అందులో ఒకే ఒక్క చుక్క, ఆరుతూ వెలుగుతూ.
ఆజ్ఞ కొట్టాను.
బాణం దానంతటదే కదిలింది.
పొడవు, వెడల్పు, మందం, లారీ నంబరు.
పదహారో గడి: నింపినవారు.
అక్కడ ఎప్పటిలాగే
నా పేరే రాసింది.